సైన్యంలో ఆఫీసర్ కావడానికి బీటెక్కే అక్కర్లేదు

సంపాదకుడు గారికి,

డిగ్రీ కాలేజీల్లో అడ్మిషన్లు జరిగే రోజులివి. సైన్యంలో ఆఫీసర్ కావాలని ఆశపడే పిల్లలు మా కావలి చుట్టుపక్కల ఏటా నలుగురైదుగురైనా కనిపిస్తారు. ఏ డిగ్రీలో చేర్పిస్తే ఆ ఉద్యోగం వస్తుందని వాళ్ల తల్లిదండ్రులు కనిపించినవారినల్లా అడుగుతుంటారు. వాళ్లకు దొరికే జవాబు చాలాసార్లు తప్పు. ఆ తప్పు జవాబును నమ్మి అప్పులు చేస్తున్నారు. డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠం చెబుతూ ఏళ్ల తరబడి ఎన్‌సీసీ బాధ్యత కూడా చూసినవాణ్ణి కాబట్టి, ఈ విషయం మీ పత్రిక ద్వారా పదిమందికీ తెలియాలని రాస్తున్నాను.

ఈమధ్య కలిగిరి వైపు నుంచి ఒక పొగాకు రైతు కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. చేతిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ కరపత్రం. ‘బీటెక్ చేస్తేనే ఆఫీసరంట గదా సార్, బీఏ చదివితే జవానుగానే పోవాలంట’ అన్నాడు. ఆ మాట చెప్పింది సీట్లు ఇప్పించే ఏజెంటు. కుర్రాడికి ఇంజినీరింగ్ మీద ఏ కోశానా ఇష్టం లేదు. తండ్రి మాత్రం వేలంలో అమ్మిన పొగాకు డబ్బు చాలకపోతే పొలం కాగితాలు తాకట్టు పెట్టడానికి కూడా సిద్ధపడి వచ్చాడు.

ఆ ఏజెంటు చెప్పింది శుద్ధ అబద్ధం. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష పెడుతుంది. దాని ద్వారా డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్లడానికి గుర్తింపు పొందిన ఏ డిగ్రీ అయినా చాలు. బీఏ, బీకాం, బీఎస్సీ అన్నీ ఒకటే. చివరి ఏడాది చదువుతూ కూడా దరఖాస్తు పెట్టవచ్చు. రాతపరీక్షలో ఉండేవి ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, లెక్కలు. ఆ లెక్కలు పదో తరగతి స్థాయివే, చెన్నై అకాడమీకైతే లెక్కల పేపరే లేదు. డెహ్రాడూన్‌కు వయసు 24 దాటకూడదు, చెన్నైకి 25. మూడేళ్లలో డిగ్రీ ముగించుకున్నవాడికి ఈ పరీక్ష రాయడానికి బీటెక్ వాడికంటే ఒక ఏడాది ఎక్కువే మిగులుతుంది. నాలుగో ఏడాది ఆనర్స్ కూడా ఇందుకు అవసరం లేదు.

అయితే డిగ్రీ సబ్జెక్టు కచ్చితంగా చూసే చోట్లు కొన్ని ఉన్నాయి. సీడీఎస్ ద్వారా నావికాదళంలోకి, అంటే కేరళలోని ఎళిమల అకాడమీకి వెళ్లాలంటే ఇంజినీరింగే కావాలి. సైన్యంలో, వైమానిక దళంలో సాంకేతిక విభాగాలకూ అంతే. సైన్యం న్యాయ విభాగానికి ఎల్‌ఎల్‌బీ కావాలి. పశువైద్యం చదివినవాళ్లను సైన్యంలోని జంతువుల బాగోగులు చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో ఆఫీసర్లుగా తీసుకుంటారు. ఒంగోలు జాతి ఎద్దుల పేరు దేశమంతా చెప్పుకునే ఈ ప్రాంతంలో ఆ సంగతి తెలిసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

నా మనసులో అసలు బాధ వేరే ఉంది. డిగ్రీ గురించి ఇంత తర్జనభర్జన పడుతున్నాం గానీ, కొన్ని తలుపులు అంతకు రెండేళ్ల ముందే, పదో తరగతి పాసైన ఎండాకాలంలోనే మూసుకుపోతున్నాయి. ఇంటర్ తర్వాత రాసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్షలో ఆర్మీ విభాగానికి ఏ గ్రూపైనా సరే. నేవీ, ఎయిర్‌ఫోర్స్ కావాలంటే ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. డిగ్రీ అయ్యాక విమానం నడిపే శాఖకు పోదామన్నా ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాల్సిందే. ఉదయగిరిలో ఒక అమ్మాయి ఇంట్లోవాళ్లు డాక్టరు చేద్దామన్నారని బైపీసీ తీసుకుందనుకోండి. డిగ్రీలోకొచ్చాక ఆ పిల్లకు పైలట్ కావాలనిపిస్తే ఎంత తెలివి ఉన్నా ఆ దారి లేదు. సుప్రీంకోర్టు ఉత్తర్వుతో 2021లో ఆడపిల్లలకు ఎన్‌డీఏ తలుపులు తెరుచుకున్నాయి. మొదటి బ్యాచ్ అమ్మాయిలు 2025 మే నెలలో శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. మన జిల్లాల హైస్కూళ్లలో పదో తరగతి పిల్లలకు ఈ కబురు చెప్పేవాళ్లెవరు? గ్రూపు ఎంచుకునే రోజున అక్కడ ఉండేది కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఒక్కడే.

డిగ్రీకి వచ్చేసరికి నేను చూడమనేది ఎన్‌సీసీ. ఆ కాలేజీలో ఎన్‌సీసీ ఉందా లేదా అన్నది సబ్జెక్టు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. ఎన్‌సీసీ ఇచ్చే ‘సీ’ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ కింద రాతపరీక్ష లేకుండా ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు నేరుగా దరఖాస్తు పెట్టవచ్చు. ‘సీ’ సర్టిఫికెట్ చేతికొచ్చేది మూడో ఏడాదిలో. అందుకే మొదటి ఏడాదే చేరాలి. ఫైనలియర్‌లో వచ్చి ‘సార్, ఇప్పుడు చేరొచ్చా’ అని అడిగే పిల్లలకు లేదని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

ఎస్‌ఎస్‌బీ అయిదు రోజులు జరుగుతుంది. బొమ్మ చూపించి కథ రాయమంటారు, మైదానంలో దుంగలు, తాళ్లు ఇచ్చి బృందంతో కలిసి అడ్డంకులు దాటమంటారు. ఇంటర్వ్యూలో మాత్రం చదివిన సబ్జెక్టును వదలరు. మా కాలేజీలో బీఏ చదివిన ఒక అబ్బాయి బెంగళూరు వెళ్లాడు. ఊరేదని అడిగి, ఉదయగిరి అనగానే కోట గురించి అడిగారట. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ కోటను గెలవడానికి అంతకాలం ఎందుకు పట్టిందని ప్రశ్న. కొండ మీదికి దారి ఎంత ఇరుకో, రాళ్లు పగలగొట్టించి దాన్ని ఎలా వెడల్పు చేయించారో, లోపలివాళ్లకు తిండిగింజలు అందకుండా చేయడమంటే ఏమిటో వీడు చిన్నప్పటి నుంచి ఎక్కిన కొండే కాబట్టి మెట్టుమెట్టుకూ వివరించాడు. ఇంజినీరింగ్ పట్టాలున్నవాళ్లు ఎందరో వెనుదిరిగిన ఆ బ్యాచ్‌లో వీడు ఎంపికయ్యాడు. ఇష్టం లేని డిగ్రీలో బ్యాక్‌లాగులు మోస్తూ వెళ్లినవాడు తన సబ్జెక్టు గురించి అంత ధీమాగా ఎలా మాట్లాడగలడు?

లోపలికి వెళ్లాక పదోన్నతి పనితీరు మీద, సైన్యం పెట్టే కోర్సుల మీద, పరీక్షల మీద ఆధారపడుతుంది. డిగ్రీ మళ్లీ అక్కరకొచ్చేది బయటికొచ్చేటప్పుడు. షార్ట్ సర్వీసు, అంటే పరిమిత కాలపు ఆఫీసర్ ఉద్యోగం, పదేళ్లు, పొడిగిస్తే 14. ముప్పై అయిదేళ్ల వయసులో మరో ఉద్యోగం వెతుక్కునేవాడికి తన చదువే పెట్టుబడి. నాలుగేళ్ల కాలానికి జవాన్లుగా చేరే అగ్నివీరుల పరిస్థితి ఇంకా గడ్డు. తెల్లవారుజామున హైవే పక్కన 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే మన పిల్లల్లో చాలామంది డిగ్రీ మధ్యలో మానేసి వెళ్తున్నారు. నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. మిగతావాళ్లు చివర్లో ఒకేసారి ఇచ్చే సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికొస్తారు. వాళ్లు సర్వీసులో ఉండగానే డిగ్రీ పూర్తి చేసుకునేందుకు ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రత్యేక కోర్సు పెట్టింది. భర్తీ ర్యాలీకి పిల్లల్ని తయారుచేసే శిక్షణ కేంద్రాలు ఆ ఒక్క మాటైనా చెప్పి పంపాలి.

నెల్లూరు, ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలను, విద్యాశాఖ అధికారులను నేను కోరేది ఇదీ: మన ఊళ్లలో రిటైరైన ఆఫీసర్లు, సుబేదార్లు ఉన్నారు. పదో తరగతి పరీక్షలకు ముందే వాళ్లను హైస్కూళ్లకు పంపి, ఏ గ్రూపుకు ఏ దారి ఉందో తెలుగులో ఒక కాగితం అచ్చు వేసి ప్రతి పిల్లవాడి చేతికీ ఇప్పించండి. సీడీఎస్ ప్రశ్నపత్రం తెలుగులో రాదు కాబట్టి విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు తమ డిగ్రీ కాలేజీల్లో సాయంత్రాలు ఇంగ్లిష్ శిక్షణ పెట్టాలి. ఎన్‌సీసీ లేని ప్రభుత్వ కాలేజీలకు యూనిట్లు మంజూరయ్యేలా మన ఎంపీలు పట్టుబట్టాలి. వచ్చే ఏడాది అడ్మిషన్లలోపు ఇందులో ఏ ఒక్కటి మొదలైనా, ఓపిక ఉన్నంతవరకు మా మండలంలోని స్కూళ్లకు నేనే తిరిగి చెబుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా