వేసవి సెలవుల్లో బడి బీరువా తాళం తీయించండి

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. ఏప్రిల్ చివరి వారంలో మూతపడిన బడులు మళ్లీ జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి. ఈ ఏడు వారాలూ మా పిల్లల ఇళ్లలో కనీసం ఒక కథల పుస్తకం ఉండాలని నా కోరిక. అందుకు కొత్తగా నిధులు అడగడం లేదు. బడి బీరువాల్లో తాళం వేసి ఉంచిన పుస్తకాలను సెలవుల్లో పిల్లలకు ఇవ్వమని మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు వస్తే చాలు.

సెలవులకు ముందు వారం రోజులు నేను పిల్లలతో పుస్తకాల ముచ్చట పెట్టుకుంటాను. ఎవరు ఏం చదివితే బాగుంటుందో చెబుతాను. ఇది ఇంటిపని కాదని, ప్రశ్నలకు జవాబులు రాయనక్కర్లేదని, సారాంశం అప్పజెప్పనక్కర్లేదని ముందే మాట ఇస్తాను. నచ్చని పుస్తకాన్ని నాలుగు పేజీల దగ్గర వదిలేసి ఇంకొకటి పట్టుకోవచ్చు. నచ్చినదాన్ని పదిసార్లు చదవొచ్చు. ఆరో తరగతి పిల్లలకు తెనాలి రామకృష్ణుడి కథలు, మర్యాదరామన్న తీర్పులు చెబుతాను. ఆటలంటే ప్రాణం పెట్టేవాడికి ఆటగాళ్ల జీవితాలు, నల్లమల అంచు ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయికి అడవి జంతువుల పుస్తకం. తొమ్మిదో తరగతి వాళ్లు కాస్త పెద్ద కథలు, మన ప్రాంత చరిత్ర చదవగలరు.

చదవడంలో వెనకబడిన పిల్లల దగ్గర మాత్రం కొంచెం నేర్పుగా మాట్లాడాలి. తొమ్మిదో తరగతి కుర్రాడి చేతిలో రెండో తరగతి బొమ్మల పుస్తకం పెడితే నామోషీతో తల దించుకుంటాడు. అదే పుస్తకాన్ని “ఇంట్లో మీ చెల్లెలికి రోజూ రెండు పేజీలు చదివి వినిపించు” అని ఇస్తే మారుమాట లేకుండా సంచిలో పెట్టుకుంటాడు. చెల్లెలి కోసం చదువుతూ చదువుతూ తానే ధారాళంగా చదవడం నేర్చుకుంటాడు. పెద్ద పిల్లలను చదువులోకి తీసుకురావడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

ఇదంతా విన్నాక ఎవరో ఒకరు లేచి “టీచర్, ఈ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?” అని అడుగుతారు. అక్కడే మా దారి మూసుకుపోతోంది. పట్టణంలోని దుకాణాల్లో గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలే ఎక్కువ. కథల పుస్తకం దొరికినా, ఎండలో ఉపాధి పనికి వెళ్లివచ్చే తల్లిని దానికి డబ్బు అడగడానికి పిల్లలకు మనసొప్పదు. ఫోనులో ఉచితంగా చదువుకునే తెలుగు కథలు ఉన్నాయి, మంచివే. కాని ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పొద్దున్నే తండ్రితో పాటు బయటికి వెళ్లిపోతుంది.

పుస్తకాలు మా దగ్గరే ఉన్నాయి, మంత్రిగారూ. సమగ్ర శిక్ష కింద వచ్చిన గ్రంథాలయ నిధులతో కొన్నవి, దాతలు ఇచ్చినవి, అన్నీ ఇనుప బీరువాలో ఉన్నాయి. అట్ట లోపల బడి ముద్ర, దాని కింద ఎర్ర సిరాతో వరుస సంఖ్య. కొన్నిటిని తెరిస్తే ఒకదానికొకటి అంటుకున్న పేజీలు చిరచిరమంటూ విడిపోతాయి. అచ్చయిన నాటి నుంచి ఎవరూ వాటిని తిప్పలేదని ఆ చప్పుడే చెబుతుంది.

ప్రధానోపాధ్యాయులు తాళం ఎందుకు వేస్తారో నాకు తెలుసు. వారిని నేను తప్పుపట్టను. బదిలీ అయినప్పుడు ఛార్జి అప్పగించాలి. స్టాక్ రిజిస్టరులో ఉన్నది బీరువాలో లేకపోతే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు, దాని ధర జీతంలోంచి కోస్తారేమో అన్న భయం. ఎవరూ ముట్టుకోని పుస్తకానికి చెద పట్టినా అడిగేవారు ఉండరు. పిల్లవాడు చదివి పోగొట్టిన పుస్తకానికే సంజాయిషీ ఇవ్వాలి. ఈ పద్ధతిలో తాళం వేసినవారే జాగ్రత్తపరులు అనిపించుకుంటారు.

భారత గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉపయోగించడానికే అని. కేంద్ర ప్రభుత్వం కూడా ఈ విషయంలో మెత్తగానే ఉంది. 2017 నాటి దాని సాధారణ ఆర్థిక నియమావళిలో 215వ నియమం చూడండి. ఏడాదిలో పాఠకులు తీసుకున్న ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేనని, అందులో నిర్లక్ష్యం, అక్రమం లేకపోతే చాలని అది ఒప్పుకుంటోంది. పెద్దవాళ్లు చదివే గ్రంథాలయాలకే ఆ వెసులుబాటు ఉన్నప్పుడు, పన్నెండేళ్ల పిల్లలు గుడిసెల్లోకి, చెలకల్లోకి పట్టుకెళ్లే పుస్తకాలకు అంతకన్నా ఎక్కువే ఉండాలి. వానకు తడుస్తాయి, తమ్ముడు చింపుతాడు, మేక నమిలేస్తుంది. ఇవి ముందే లెక్కలో వేసుకోవలసిన నష్టాలు.

మా జిల్లాలో మరో సంగతి ఉంది. సెలవులు ఇవ్వగానే, అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్లలు కొందరు పుణె, ముంబయి వెళ్తారు. తల్లిదండ్రులు అక్కడ కట్టడం పనుల్లో ఉంటారు. నెలన్నర పాటు ఆ పిల్లల కంటికి తెలుగు అక్షరం కనబడదు. జూన్‌లో తిరిగొచ్చి పాఠం తెరిస్తే, మార్చిలో గడగడ చదివిన పిల్ల ఒత్తుల దగ్గర ఆగిపోతుంది, వేలు పెట్టి కూడబలుక్కుంటుంది. మళ్లీ దారిలో పడేసరికి వినాయక చవితి వచ్చేస్తుంది. ఇలాంటి పిల్లలకే ముందుగా పుస్తకాలు ఇవ్వాలంటాను. వాళ్లతో వెళ్లిన పుస్తకం తిరిగి రాకపోయినా, అక్కడి రేకుల షెడ్డులో ఇంకో నలుగురు తెలుగు పిల్లలు దాన్ని చదివితే బడికి జరిగిన నష్టమేమీ లేదు.

దక్షిణ తెలంగాణకు పుస్తకాలు పంచడం కొత్త కాదు. నకిరేకల్ ప్రాంతంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు స్వయంగా మోసుకుంటూ తిరిగి జనానికి చేర్చారు. నిజాం ఏలుబడిలో, తెలుగు చదువుకు చోటు తక్కువైన రోజుల్లో ఆయన చేసిన పని అది. ఈనాడు మనకు బడులున్నాయి, జిల్లా గ్రంథాలయ సంస్థలున్నాయి, ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయ పన్ను కడుతున్నారు. ఆ పన్ను కట్టే చాలా పల్లెల్లో గ్రంథాలయం లేదు. ఉన్న మండల కేంద్రానికి ఎండలో ఒంటరిగా వెళ్లమని ఏ తల్లీ పిల్లను పంపదు. శాఖా గ్రంథాలయాల నుంచి వేసవిలో ఒక్కో పెట్టె పుస్తకాలు పంచాయతీ కార్యాలయానికో అంగన్‌వాడీకో పంపే ఏర్పాటు గురించి కూడా ఆలోచించమని మనవి.

అయితే ముందు కావలసింది బడి గురించిన ఉత్తర్వు. సెలవులకు ముందు ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ప్రతి విద్యార్థికీ రెండు పుస్తకాలు ఇంటికి ఇవ్వాలని, పిల్లల చేతుల్లో చిరిగినవాటికి, పోయినవాటికి ఒక హద్దు వరకు ఎవరి నుంచీ డబ్బు వసూలు చేయరాదని, ప్రధానోపాధ్యాయుల ధ్రువీకరణతో వాటిని స్టాక్ రిజిస్టరు నుంచి తొలగించవచ్చని అందులో స్పష్టంగా ఉండాలి. నోటి మాటగా చెబితే ఆడిట్ ముందు అది నిలవదు. ఈ ఉత్తర్వు ఏప్రిల్ రెండో వారంలోపు మండల విద్యాధికారులకు చేరితే, తరగతుల వారీగా పుస్తకాలు పంచడానికి మాకు సమయం ఉంటుంది. ఎవరికి ఏది నచ్చుతుందో చూసి ఇవ్వడం, పేర్లు రాసుకోవడం, జూన్‌లో తిరిగి తీసుకోవడం మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
మహబూబ్‌నగర్ జిల్లా