మన ప్రార్థన సహవాసం – 2025 వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియులైన పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, సహవాస సభ్యులందరికీ యేసు నామమున వందనాలు.

ఏడాదంతా మనల్ని కాచి ఈ సర్వసభ్య సమావేశానికి తెచ్చిన దేవునికి స్తోత్రం. మన సహవాసం ఉద్దేశాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా జరిగిన పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాదిని జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ మీద మొదలుపెట్టాం. రాత్రి వాచ్ నైట్ ఆరాధన ముగిసేసరికి ఒంటిగంట అయింది. నాలుగింటికి బస్సంటే ఎంతమంది లేస్తారోనని నాకు కన్ను మూతపడలేదు. తీరా చూస్తే సీట్లు చాలక రెండు ఆటోలు కూడా మాట్లాడాల్సి వచ్చింది. కొండ మీదికి చేరేసరికి ఇంకా చీకటి. కింద ఊళ్లో దీపాలు వెలుగుతున్నాయి. 1854లో అదే రోజు, అదే వేళకు, నెల్లూరు నుంచి పర్యటనకు వచ్చిన అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి మోకరించారు. మొత్తం అయిదుగురే. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వాళ్లు అడిగితే, క్లౌ దొరగారు వచ్చింది 1866లో. ఆ తర్వాత కరువు గడిచాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మనం ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. కొండ మీద ప్రార్థనకూ క్లౌ దొరగారి రాకకూ మధ్య గడిచిన పన్నెండేళ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అయ్యగారు ఈ చరిత్ర చెబుతుండగా, ఎనభై దాటిన మన పెద్దమ్మ ఒకరు కొంగు బండ మీద పరుచుకుని మోకాళ్ల మీదే ఉన్నారు. మనవడు లేవదీయబోతే చేయి అడ్డం పెట్టి, "ఆ పన్నెండేళ్లూ వాళ్లు ప్రార్థన ఏ రోజైనా మానారా నాయనా?" అని నన్నడిగారు. నా దగ్గర జవాబు లేదు. బస్సు దిగేదాకా ఆ మాటే నా చెవిలో ఉంది. ఈ ఏడాది మనం చేసిన పని అంతా ఆ ప్రశ్నలోంచే పుట్టింది.

మార్చి 5న భస్మ బుధవారంతో, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల లెంటు వేకువ ప్రార్థనలు మొదలయ్యాయి. ఎప్పటిలాగే చాపలు చాలలేదు. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రి కాపలా ఉండే మగవాళ్లు రాలేరని, మన యౌవనస్థులు ముగ్గురు వాళ్ల దగ్గరికే వెళ్లారు. పొయ్యిలో కట్టెలు ఎగదోసి, వేడి చూసుకుని, మళ్లీ కట్టెలు వేసేలోగా ఒక కీర్తన చదివి ప్రార్థించేవాళ్లు. మార్చి 7న స్త్రీల ప్రపంచ ప్రార్థన దినాన్ని, కుక్ దీవుల సహోదరీలు సిద్ధపరచిన క్రమం ప్రకారం మన స్త్రీల సమాజం చక్కగా జరిపింది.

ఏప్రిల్ 20 ఈస్టరు. మర్నాడు వేకువ ప్రార్థనకు వచ్చింది తొమ్మిదిమంది. ఏటా ఇంతే. నలభై రోజులు గుడి నిండుతుంది, నలభై ఒకటో రోజుకు చాపలు చుట్టేస్తాం. మే నెల కార్యవర్గంలో దీని మీద గట్టిగానే మాట్లాడుకున్నాం. ఇంకో మూడు రోజుల కూడికలు పెడదామని కొందరన్నారు. నేను వద్దన్నాను. దానియేలు గ్రంథం ఆరో అధ్యాయంలో, శాసనం మీద సంతకం పడిందని తెలిసి కూడా దానియేలు ఇంటికి వెళ్లి "యథాప్రకారముగా" మోకరించాడని ఉంది. ఆ రోజు కోసం కొత్తగా మొదలుపెట్టింది ఏమీ లేదు. మనకు లేనిది ఆ యథాప్రకారమే. అందుకని ప్రతి ఇల్లూ రోజూ తప్పక చేసే ఒక పనిని ఎంచుకుని, ఆ పని దగ్గరే పది నిమిషాలు ప్రార్థన పెట్టుకోవాలని నిర్ణయించాం. అరవై నాలుగు కుటుంబాలు పేర్లు ఇచ్చాయి.

బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నడిపే మన సహోదరి ఇంటికి ఆగస్టులో ఒక తెల్లవారుజామున వెళ్లాను. మొదటి వాయి ఇడ్లీ పొయ్యెక్కించి మూత పెట్టగానే కొడుకును లేపింది. ఆ పిల్లవాడు కళ్లు నులుముకుంటూ గోడకానుకుని కూర్చుని కీర్తన చదివాడు. ఆమె పచ్చడి గిన్నె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ రోజు బండి దగ్గరికి వచ్చే వాళ్ల కోసం పేరు పేరునా ప్రార్థించింది. ఆమేన్ అనేసరికి మూత అంచున ఆవిరి బుసకొడుతోంది. "వాయి ఉడికేదాకా ఎలాగూ కూర్చోవాలి కదన్నా, అందుకే ఇప్పటిదాకా తప్పలేదు" అంది. నేను ఎన్ని సభల్లో ఎంతమంది ప్రసంగాలు విన్నా, ప్రార్థన అలవాటు గురించి ఇంత బాగా చెప్పినవాళ్లు లేరు. చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీకి వెళ్లే మన తమ్ముళ్లు షిఫ్టు బస్సులో ఇదే చేస్తున్నారు. మన అమ్మమ్మల నాటి పిడికెడు బియ్యం మళ్లీ మొదలైంది. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి, ఒక్క మాట ప్రార్థించి డబ్బాలో వేస్తున్నారు. ఆ బియ్యం ప్రతి నెలా మొదటి ఆదివారం విధవరాండ్రకు చేరుతోంది.

డిసెంబరులో చూస్తే అరవై నాలుగిళ్లలో ముప్పై ఎనిమిది నిలబడ్డాయి. జూలైలో మా ఇంట్లోనే రెండు వారాలు ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది మా చిన్నమ్మాయి.

బాధ కలిగించిన సంగతులూ చెప్పాలి. ఇళ్లు దర్శించడానికి పదకొండు మంది చేతులెత్తారు. చివరిదాకా తిరిగింది నలుగురు. మిగిలినవారికి ఫోను చేస్తే ఎత్తరు, ఆదివారం కనబడితే "వచ్చే వారం తప్పకుండా" అంటారు. ఎదురుచూస్తూ కూర్చున్న ముసలివాళ్లకు ఏం చెప్పాలో తెలియక నేను తలవంచుకుని వచ్చిన రోజులున్నాయి. గుడి సందులో వీధి దీపం వెలగక ఎనిమిది నెలలైంది. ఆడవాళ్లు చీకట్లో నడిచి వస్తున్నారని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ రాసుకున్నారు, ఒక్కసారీ రాలేదు.

లెక్కలు: చందాలు, కానుకలు కలిపి జమ రూ.41,600. బస్సు, కార్డులు, చాపలు, టీ ఖర్చులు రూ.38,250. నిల్వ రూ.3,350. కోశాధికారి దగ్గర పుస్తకం ఉంది, ఎవరైనా చూడవచ్చు.

ప్రతి కూడికలో వాక్యం అందించిన అయ్యగారికి, స్త్రీలను నడిపించిన అమ్మగారికి, అడిగిందే తడవుగా బస్సు ఇచ్చిన సహోదరునికి, కొండ దగ్గర అందరికీ ఉప్మా పెట్టిన ఒంగోలు విశ్వాసులకు, బ్యారన్లకు తిరిగిన ముగ్గురు తమ్ముళ్లకు, ఇళ్లు తిరిగిన ఆ నలుగురికి, వేకువన నాలుగున్నరకే గుడి తలుపులు తీసి చాపలు పరిచిన కాపలా తాతగారికి, కార్డులు ఉచితంగా రాసిచ్చిన సండే స్కూలు పిల్లలకు నా నిండు వందనాలు.

తాతగారికి మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. వచ్చే నెల నుంచి గుడి తాళం చెవులు తీసుకుని రోజూ తలుపు తీసేవారు ఒకరు కావాలి. ఈ సమావేశం ముగిసేలోగా పేరు ఇవ్వండి.

ఇట్లు,
మీ కార్యదర్శి