ఇంజిన్ దించకముందు ఆ చప్పుడేమిటో తేల్చుకో

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే నీ పాత మారుతి 800 గలగలమంటోందని, మెకానిక్ చూసి "బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాలి" అన్నాడని రాశావు. ఒక్క వారం ఆగరా. నువ్వు చెప్పిన గుర్తుల్ని బట్టి అది బేరింగు కాదనే నా నమ్మకం.

ముందు చెవిపెట్టి విను. మూడో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కు. రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు మోగి, కాలు తీయగానే ఆగిపోతే అది నాకింగ్. ప్లగ్గు అంటించిన మంట చేరేలోపే, మూల మిగిలిన పెట్రోలు, గాలి వేడికి తమంతట తామే పేలడమన్నమాట. ట్యాపెట్లయితే, అంటే వాల్వుల్ని తెరిచే మీటలు వదులైతే, బండి నిలబడి ఉన్నా టకటకమంటాయి. పిస్టన్ బోరుకి, అంటే సిలిండర్ గోడకి, కొట్టుకుంటుంటే పొద్దున్నే ఎక్కువ వినిపించి, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. బేరింగు దెబ్బ బరువుగా దబదబమంటుంది, ఆయిల్ వేడెక్కి పలచబడితే ఇంకా పెరుగుతుంది. అనుమానం తీరాలంటే ఇంజిన్ ఆపి ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దాని చివర బ్లాకుకి ఆనించి, మళ్లీ స్టార్ట్ చెయ్యి. ఇలా మూడు సిలిండర్లూ ఒక్కొక్కటిగా చూడు. ఒకదాని వైరు తీసినప్పుడు ఆ దెబ్బ బాగా తగ్గిందంటే అక్కడి బేరింగు మీద అనుమానపడొచ్చు. వైరును మాత్రం గాల్లో వదిలెయ్యకు, స్పార్క్‌కి కరెంటు పుట్టించే కాయిల్ పాడవుతుంది.

నాకింగే అని తేలితే మొదట నీళ్లు, ఫ్యాను, థర్మోస్టాట్ చూసుకో. ఇంజిన్ ఓవర్‌హీట్ అవుతుంటే మిగతావి ఎంత సరిచేసినా వృథా.

తర్వాత ప్లగ్గులు విప్పు. కొన పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే మంచిదే. తెల్లగా మాడి ఉంటే మిక్చర్ పలచనైనా (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ) అయ్యుండాలి, టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, ముందుకైనా జరిగుండాలి. మెరిసే చిన్న చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం, ఇక బండి నడపకు. గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. మధ్య ఉండాలి.

అసలు పని ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గరే. అందులో కరెంటును తెంచి కలిపే పాయింట్లున్న మోడలైతే వాటి గ్యాప్ 0.4, 0.5 మి.మీ. మధ్య పెట్టాకే టైమింగ్ ముట్టుకో. గ్యాప్ పెరిగితే స్పార్క్ ముందుకు జరుగుతుంది, తగ్గితే వెనక్కి. అందుకే వరుస తప్పితే పని మళ్లీ మొదటికొస్తుంది. వ్యాక్యూమ్ పైపు తీసి మూతికి బిరడా పెట్టి, ఐడిలింగ్‌లో టైమింగ్ లైటు వేసి టైమింగ్ గుర్తు ఎక్కడుందో చూడు. ఎన్ని డిగ్రీలో నీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, ఎవరి నోటిమాటా నమ్మకు. డిస్ట్రిబ్యూటర్ బాడీని లోపల రోటర్ తిరిగే వైపుకే తిప్పితే టైమింగ్ వెనక్కి వెళ్తుంది. ఒకసారికి రెండు డిగ్రీలకు మించి కదపకు. తర్వాత రేజ్ చేసి వదిలి చూడు. గుర్తు ముందుకు జరిగి, మళ్లీ మొదటి చోటికి రావాలి. రాకపోతే వేగాన్ని బట్టి టైమింగ్‌ను జరిపే లోపలి వెయిట్లు తుప్పుపట్టో, స్ప్రింగులు సాగిపోయో ఉంటాయి. చాలామంది ఇది చూడకుండా టైమింగ్ బాగా వెనక్కి లాగేసి చప్పుడు మాయం చేస్తారు. అప్పుడు పికప్ పోతుంది, మైలేజీ పడిపోతుంది, ఎగ్జాస్ట్ కాలిపోతుంది.

ఇంకోటుందిరా. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నిజానికి నాకింగ్‌ను ఆపే సరుకే. కానీ మామూలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి సరిపోతే ఈ కలిపిన పెట్రోలుకు దాదాపు 13.5 పాళ్లే చాలు. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్‌కి ఆ తేడా తెలియదు కాబట్టి మిక్చర్ పలచనవుతుంది, పాత రబ్బరు పైపులూ మెత్తబడి చీలతాయి. పైపులన్నీ మార్చెయ్యి. దాన్లో పెట్రోలు పారే సన్నని రంధ్రాలు, అంటే జెట్లు, శుభ్రం చేయించి, కార్బురేటర్ కింది గ్యాస్కెట్ గాలి పీలుస్తోందేమో చూపించు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా నాకింగ్ ఆగకపోతే కార్బన్ మీద అనుమానపడు. తాళం తీశాక కూడా ఇంజిన్ రెండు మూడు సార్లు కొట్టుకుంటుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. పేరుకున్న కార్బన్ కంప్రెషన్ పెంచుతుంది, నిప్పుకణికలా ఎర్రగా కాలుతూ ఉంటుంది. దానికి హెడ్ విప్పితే చాలు, ఇంజిన్ దించక్కర్లేదు. చెక్క ముక్కతో గీకించు, అల్యూమినియం మీద ఇనుప గీకుడు వద్దు. గ్యాస్కెట్ కొత్తది వేయించు.

ఈలోగా ఘాట్‌లో చప్పుడు రాగానే గేరు తగ్గించు, యాక్సిలరేటర్ తొక్కిపట్టకు. ఆదివారం ప్లగ్గులు విప్పి, ఏ సిలిండర్‌ది ఏ రంగులో ఉందో విడివిడిగా రాసి పంపు.

నీ
రాజు