రెండో మంగళవారం ఆటోకు, ఐసుకు, ఇంకా కొందరికి

ముందే ఒక సంగతి చెప్పాలి. ఈ కృతజ్ఞతల్లో ఒక్క పేరూ కనిపించదు. మా ఊరి పేరు లేదు, నా పేరు లేదు, మాకు మేలు చేసినవారి పేర్లూ లేవు. కొన్ని గుర్తులు కావాలనే మార్చి రాశాను. గుండె ఆపరేషను అయినవాళ్లు పేరు చెప్పి మరీ దండం పెట్టుకోవచ్చు. మాకు ఆ వీలు లేదు. చదువుతుంటే ఎవరికైనా "ఇది నా గురించేనా" అనిపిస్తే, మీ గురించే అనుకోండి.

గుంటూరు-నంద్యాల రైలు మార్గం మీదున్న ఒక స్టేషనుకు మా పల్లె పదిహేడు కిలోమీటర్లు, నల్లమల వైపు. మా ఆయన బోరు లారీ మీద పనికి వెళ్లేవాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఇంట్లో ఉండేవాడు కాదు. 2015లో పోయాడు. మరుసటి ఏడు బాబుకు జ్వరం విడవకపోతే రక్తపరీక్ష చేశారు, ఆ తరువాత నాకూ చేశారు. ఇద్దరికీ హెచ్ఐవి. అప్పటికి వాడికి రెండేళ్లు. ఆ కథ ఇంతటితో చాలు. నేను రాయాలనుకున్నది దారి గురించి.

దగ్గర్లో, బస్సులో గంట ప్రయాణంలో ఒక ఆసుపత్రి ఉంది. పరీక్ష చేసింది అక్కడే. ఆ రోజు బాబు కేసు షీటు మీద జబ్బు పేరు ఎర్ర సిరాతో రాసి, అట్టకు తగిలించి, మంచం చివర వేలాడదీశారు. పక్క మంచం దగ్గర మా ఊరి కోడలి పుట్టింటివాళ్లు ఉన్నారు. నేను ఆ అట్టను తిప్పి పెట్టాను. నర్సమ్మ వచ్చి మళ్లీ ఇటు తిప్పింది. హెచ్ఐవి ఉన్నవారి సంగతి వారి అనుమతి లేకుండా బయట పెట్టకూడదని 2017లో చట్టం చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమలులోకి వచ్చింది. మా ఎర్ర సిరా దానికి రెండేళ్ల ముందుది.

అందుకే మందులు గుంటూరులో తీసుకుంటామని రాయించుకున్నాను. దగ్గరిది వదిలి అంత దూరం ఎందుకని చదువుకున్నవాళ్లు అడుగుతారు. మాలో చాలామంది అలాగే వెళతారు. ఈ జిల్లావాళ్లు ఆ జిల్లాకు, ఆ జిల్లావాళ్లు ఈ జిల్లాకు. దోనకొండ, వినుకొండ, నరసరావుపేట దాటి నల్లపాడు వచ్చేసరికి తెలిసిన ముఖం ఎదురవుతుందన్న బెదురు తగ్గేది. ఈ మందులు 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. అయితే ఆ ఉచిత మందు దగ్గరికి వెళ్లి రావడానికి నాకు ఒక్కోసారి ఏడెనిమిది వందలు అయ్యేది. ఆ రోజు కుట్టుపని పోయిన కూలి అందులో కలపలేదు.

ఆటో అన్నా, మొదటి దండం మీకు. నెలనెలా రెండో మంగళవారం, తెల్లవారుజామున నాలుగింటికి. 2020 తరువాత రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తున్నారు కాబట్టి ప్రయాణాలు తగ్గాయి గానీ, లెక్క వేస్తే డెబ్బై సార్లకు తక్కువ ఉండదు. ఆ వేళకు అంత దూరం వెళ్లి ఖాళీగా తిరిగి రావాలంటే ఎవరైనా నాలుగు వందలు అడుగుతారు. మీరు డీజిలు డబ్బులు తీసుకుని మిగతావి బాబు జేబులో పెట్టేవారు. వేపచెట్టు మలుపు దగ్గరే ఇంజను ఆపేసి, పల్లంలో బండిని అలా జారనిచ్చి మా గుమ్మం ముందుకు తెచ్చేవారు. చుట్టుపక్కలవాళ్లు లేవకుండా అని నాకు అర్థమై ఒకసారి ఏదో అనబోతే, "కుక్కలు మొరుగుతాయమ్మా, అందుకని" అన్నారు.

ఇంకొకటి. మొదట్లో ఒకరోజు స్టేషను దగ్గర టీ కొట్టులో మా ఊరి పెద్దాయన కనిపించి, ఈ వేళప్పుడు ఎక్కడికని ఆరా తీశాడు. నేను టికెట్టు వరుసలో ఉన్నాను. మీరు వచ్చి నా చెవిలో చెప్పిన మాట మరచిపోలేను: "నేను చెవి అని చెప్పాను. మీరు కన్ను అనకండి." అంతే, ఆ రోజు నుంచి మా వాడికి చెవిజబ్బు. (అసలు చెప్పింది చెవి కాదు. ఏ అవయవమో ఇక్కడ మార్చి రాస్తున్నాను, అన్నకు తెలుసు.) ఊళ్లో ముసలమ్మలు వెల్లుల్లి కాచిన నూనె తెచ్చి ఇచ్చారు. ఒకావిడ మొక్కు కూడా మొక్కింది. అసలు జబ్బేమిటని మాత్రం తొమ్మిదేళ్లలో మీరు ఒక్కసారీ అడగలేదు. మీకు ముందే తెలుసో, తెలుసుకోకూడదనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

డబ్బు సంగతికి వస్తాను. మొదటి ఏడాది ఒక సంస్థవారు దారి ఖర్చులు ఇస్తామన్నారు. మంచివాళ్లే. కాకపోతే టికెట్లు కాగితానికి అంటించి, ఫారం నింపి, సంతకం చేసి పంపితే మూడు నెలలకు డబ్బు వస్తుంది. ఆటోకు టికెట్టు ఉండదు కదా అంటే రసీదు తెమ్మన్నారు. నాలుగు గంటల చీకట్లో ఏ ఆటోలో రసీదు పుస్తకం ఉంటుంది? పైగా డబ్బు వస్తున్నట్టు పోస్టులో ఉత్తరం పంపారు. కవరు మీద సంస్థ పేరు, ఆ పేరులోనే మా జబ్బు. మా పోస్టుమాన్ చదువుకున్నవాడే మరి. ఆ ఉత్తరం తరువాత నేనే వద్దని చెప్పేశాను.

తరువాత దొరికారు సంఘం అక్కలు. మాలాంటివాళ్లే కూడి పెట్టుకున్న చిన్న సంఘం. వాళ్లు బయలుదేరే ముందు రోజే రెండు వందలు చేతిలో పెట్టేవారు. రసీదు అడగలేదు. సాయంత్రం ఫోను చేసి, "మందులు అందాయా, పిల్లవాడు ఏమైనా తిన్నాడా" అని అడిగేవారు. డబ్బు ఇచ్చే అక్క కూడా రాత్రి అన్నం తిని మాత్ర వేసుకునే మనిషే, దారి ఖర్చు ముందు రోజు కావాలో, మూడు నెలల తరువాత కావాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా వంటి కుటుంబాలకు సాయం చేయాలని ఉన్నవారు ఇది చదువుతుంటే, ప్రయాణానికి ముందు ఇవ్వండి, తెల్ల కవరులో ఇవ్వండి.

టికెట్టు కౌంటరులో ఒకాయన ఉండేవారు. మందుల కేంద్రం ఇచ్చే పత్రం చూపితే రైల్లో రెండో తరగతికి సగం చార్జీ. ఆ పత్రంలో జబ్బు పేరు ఉంటుంది, వెనక వరుసలో పదిమంది ఉంటారు. అందుకని చాలామంది పూర్తి టికెట్టే కొనుక్కుంటారు, నేనూ ఆరు నెలలు అలాగే కొన్నాను. ధైర్యం చేసి మొదటిసారి పత్రం ఇచ్చిన రోజు, ఆయన చదివారు, తల ఎత్తలేదు, టికెట్టు కొట్టి, పత్రాన్ని బోర్లా తిప్పి దాని మీద టికెట్టు పెట్టి నా వైపు జరిపారు. ప్రతిసారీ అంతే. బదిలీ మీద వెళ్లిపోయారు. ఎక్కడున్నా చల్లగా ఉండండి.

ఇక ఐసు. చిన్నపిల్లలకు అప్పట్లో లోపినావిర్, రిటోనావిర్ కలిపిన సిరప్ ఇచ్చేవారు. వేపరసం నయమనిపించే చేదు. అది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. గుంటూరు ఎండలో, మే నెలలో, మధ్యాహ్నం రైల్లో మూడు గంటలకు పైగా ప్రయాణం. ఫ్లాస్కు కొనుక్కున్నాను గానీ, దిగేసరికి అందులో ఐసు నీళ్లయ్యేది, ఇంకా పదిహేడు కిలోమీటర్లు మిగిలి ఉండేది. స్టేషను బయట సోడా బండి తాతగారు ఒకసారి నా ఫ్లాస్కులోకి తొంగి చూసి, ఏమీ అడగకుండా ఐసు పగలగొట్టి నింపారు. ఆ తరువాత మా రైలు వేళకు ఒక ముక్క గోనెసంచిలో చుట్టి పక్కన పెట్టేవారు. ఆ ముక్కతో ఎన్ని సోడాలు అమ్ముడయ్యేవో!

ఇంట్లో మాకు ఫ్రిజ్ లేదు. సీసాల మీద కాగితాలు పీకేసి ఊళ్లో కిరాణా కొట్టు పెద్దమ్మ దగ్గర, కూల్ డ్రింకుల పెట్టెలో దాచేదాన్ని. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్లి కొలిచి తెచ్చుకునేదాన్ని. "చెవి మందు తాగించడం ఏమిటమ్మా?" అని ఒకరోజు అడిగింది. "లోపలి చెవి, పెద్దమ్మా" అన్నాను. ఆమె నమ్మిందో లేదో గానీ, ఆ రోజు నుంచి సీసాలను పై అరలోంచి అడుగుకు మార్చింది. చల్లదనం అక్కడ ఎక్కువట.

2020 మార్చి 25న అన్నీ ఆగిపోయాయి. రైలు లేదు, బస్సు లేదు, ఆటో రోడ్డెక్కితే పోలీసులు. మా ఇద్దరికీ మాత్రలు పదకొండు రోజులకు ఉన్నాయి. సంఘం అక్క ఎక్కడెక్కడికో ఫోన్లు చేసింది. గుంటూరులో మా తరఫున మందులు ఒకరు తీసుకున్నారు. నరసరావుపేట దాకా ఒక పాల వ్యాను, అక్కడి నుంచి ఒక కూరగాయల బండి. ఆ ఇద్దరు డ్రైవర్లను నేను చూడలేదు, గొంతు కూడా వినలేదు. చివరి పదిహేడు కిలోమీటర్లు ఆటో అన్న సైకిలు తొక్కారు. బీరకాయల సంచి తెచ్చి గుమ్మంలో దించారు, అడుగున మందుల పొట్లం. ఇంకా మూడు రోజుల మాత్రలు మిగిలే ఉన్నాయి. ఆ బీరకాయలు వండానో ఎవరికైనా ఇచ్చానో మాత్రం గుర్తులేదు.

రెండో మంగళవారాల్లో పరీక్ష పడితే బుధవారం విడిగా రాయించిన క్లాసు టీచరు గారికి, తిరుగు రైలు తప్పిపోకుండా మా పుస్తకం ముందు తీసే కౌన్సెలర్ అమ్మాయికి, అన్నం మూట కట్టి ఇచ్చిన మా అత్తగారికి కూడా నమస్కారాలు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, గుంటూరు ప్రయాణం ఇక అవసరం లేదు. మా వాడికి పదకొండేళ్లు. ఇద్దరి రక్తంలోనూ వైరస్ పరీక్షకు అందనంత తగ్గిందని ఈసారి కాగితం వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి దగ్గరి ఆసుపత్రికి వెళితే వాడికి అర టికెట్టు కొంటే చాలు. ముందు నేను ఒక్కదాన్నే వెళ్లి చూసి వచ్చాను. మనుషులు మారారు, అట్టలు మంచాలకు వేలాడటం లేదు. మందులు ఇక్కడికి మార్పించుకున్నాను. బాబుకు కూడా అసలు సంగతి చెప్పాను, కౌన్సెలర్ అమ్మాయి పక్కనే కూర్చుంది. అంతా విని, చాలాసేపు ఊరుకుని, "అయితే నా చెవి బాగానే ఉందా?" అన్నాడు.

కాబట్టి అన్నా, వచ్చే రెండో మంగళవారం మా గుమ్మం ముందు ఆగకండి. పక్క ఊరి అమ్మాయి సంగతి చెప్పాను కదా, ఆమె కాలువ గట్టు దగ్గర నిలబడుతుంది. ముందు మీ పక్కన కూర్చోనివ్వండి, వెనక సీటులో వాంతులవుతాయట. డబ్బులు అక్క ముందు రోజే ఇస్తుంది. ఎవరైనా అడిగితే మోకాలి నొప్పి అని చెప్పండి. ఆమెతో కూడా అదే అనుకున్నాం.