మలేరియా టీకాను ఒకే ఒక్క అంకె చూసి కొట్టిపారేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కోవిడ్‌కు ఏడాదిలోపే టీకా వచ్చింది కదా, మలేరియాకు ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టిందని చాలామంది అడుగుతుంటారు. అడగడంలో తప్పేమీ లేదు. కానీ పత్రికల్లో, టీవీల్లో దొరికే జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలిపోతోంది: టీకా వచ్చింది గానీ 36 శాతమే పనిచేస్తుందట. అది చదివినవాళ్లు ఇదేం టీకా అనుకుని పేజీ తిప్పేస్తారు. నా బాధ అదే. అందుకే ఈ ఉత్తరం.

కరోనా వైరస్‌కు ఉన్న జన్యువులు కొద్ది. దాని పైన ఉండే స్పైక్ ప్రోటీన్ ఒక్కదాన్ని శరీరానికి పరిచయం చేస్తే చాలావరకు పని జరిగింది. మలేరియా తెచ్చే ప్లాస్మోడియం వైరస్ కాదు, బ్యాక్టీరియా కూడా కాదు. అది ఏకకణ పరాన్నజీవి. అందులో ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకానికి సుమారు 5,300 జన్యువులున్నాయి. దోమ కుట్టినప్పుడు చర్మంలోకి దిగేది ఒక రూపం, కాలేయంలో పెరిగేది ఇంకో రూపం, ఎర్ర రక్తకణాల్లో ఉండేది మరో రూపం. ఒక దశను అడ్డుకునే యాంటీబాడీకి తర్వాతి దశ దొరకదు. రక్తకణంలో చేరాక కణం పైకి పంపే ప్రోటీన్‌ను చొక్కా మార్చినట్టు మార్చేస్తుంటుంది. ఆ పనికోసమే దాని దగ్గర 60 దాకా జన్యువులున్నాయి. తట్టు ఒకసారి వచ్చి తగ్గితే సాధారణంగా మళ్లీ రాదు. మలేరియా వచ్చినవాళ్లకే మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నోసార్లు వచ్చిపోయాక జబ్బు తీవ్రత తగ్గొచ్చు గానీ పూర్తి రక్షణ రాదు, ఆ ప్రాంతం వదిలి వెళ్తే ఆ కాస్త కూడా తగ్గిపోతుంది. అంటే ప్రకృతి చేయలేకపోయిన పనిని మనం టీకాతో చేయించాలంటున్నాం.

ఇప్పుడున్న రెండు టీకాలు, ఆర్‌టీఎస్‌ఎస్, ఆర్21, పరాన్నజీవి కాలేయం చేరేలోపే పట్టుకోవాలని చూస్తాయి. దోమ వదిలేవి తక్కువే, చాలాసార్లు వందకు మించవు. కానీ వాటిలో ఒక్కటి తప్పించుకుని కాలేయం చేరినా సరే, వారం రోజుల్లో వేల సంఖ్యలో పెరిగి రక్తంలోకి వచ్చేస్తుంది. అందుకే రక్తంలో యాంటీబాడీలు చాలా ఎక్కువగా ఉండాలి. అవేమో నెలలు గడిచేకొద్దీ పడిపోతాయి. మూడు డోసుల తర్వాత నాలుగో డోసు అవసరమైంది ఇందుకే.

ఇక ఆ 36 శాతం సంగతి. ఆర్‌టీఎస్‌ఎస్ మూడో దశ ట్రయల్ 2009 నుంచి 2014 వరకు ఏడు ఆఫ్రికా దేశాల్లో, 15 వేలకు పైగా పిల్లల మీద జరిగింది. అయిదు నుంచి 17 నెలల వయసులో టీకా మొదలుపెట్టి నాలుగు డోసులూ వేసుకున్నవాళ్లలో నాలుగేళ్ల లెక్కన మలేరియా జ్వరాలు ఎంత తగ్గాయో చెప్పే సంఖ్య అది. అక్కడి పిల్లలకు మలేరియా ఒకసారి వచ్చి పోయే జ్వరం కాదు, ఏటా రెండు మూడుసార్లు వచ్చేవాళ్లూ ఉంటారు. అందుకే ఆ ట్రయల్‌లో నాలుగు డోసులు అందిన ప్రతి వెయ్యిమంది పిల్లలకు సగటున 1,774 మలేరియా జ్వరాలు తప్పాయి. పిల్లల సంఖ్య కంటే తప్పిన జ్వరాల సంఖ్యే ఎక్కువ! తర్వాత 2019 నుంచి ఘనా, కెన్యా, మలావీలలో మామూలు టీకాలతో పాటు దీన్నీ వేసి చూస్తే, ఆ వయసు పిల్లల్లో ప్రమాదాలు కాక మిగతా అన్ని కారణాల మరణాలూ కలిపి 13 శాతం తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మలేరియాతో చనిపోయినవాళ్లు 5,97,000 మంది. వాళ్లలో అత్యధికులు ఆఫ్రికాలోని అయిదేళ్లలోపు పిల్లలు. ఈ లెక్కలు పక్కన పెట్టి 36 దగ్గర ఆగిపోవడం ఆ పిల్లల తల్లిదండ్రులకు అన్యాయం.

ఆలస్యమంతా పరాన్నజీవి మీదికి తోసేయడం కూడా నాకు నచ్చదు. ఆర్‌టీఎస్‌ఎస్ పని 1980లలోనే మొదలైంది. ట్రయల్ పూర్తి ఫలితాలు 2015లో వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ విస్తృతంగా వాడమని చెప్పింది 2021 అక్టోబరులో. ఈ ఆరేళ్లలో కొంత భాగం అవసరమైన జాగ్రత్తే. ట్రయల్‌లో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కేసుల్లాంటి అనుమానాలు కొన్ని తలెత్తాయి, అవి టీకా వల్ల కాదని తేల్చుకోవాలి. కానీ ఆ పరిశీలనకు డబ్బు కూడగట్టి, దేశాలను ఎంచుకుని, మొదటి పిల్లకు టీకా వేసేసరికే 2019 వచ్చింది. సిఫారసు వచ్చాక అయినా సరిపడా టీకా ఉందా? 2023 నుంచి 2025 వరకు 12 దేశాలకు కలిపి పంచింది 1.8 కోట్ల డోసులు. 2026 నాటికి ఏటా నాలుగు నుంచి ఆరు కోట్ల డోసులు కావాలని అప్పట్లోనే అంచనా వేశారు. కొనే స్తోమత లేనివాళ్ల జబ్బు కాబట్టే ఫ్యాక్టరీలు ముందుగా సిద్ధం కాలేదన్నది నా అభిప్రాయం.

ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు రూపొందించి సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తున్న ఆర్21కు 2023లో సిఫారసు రావడంతో పరిస్థితి మెరుగుపడింది. దాని డోసు ధర నాలుగు డాలర్ల లోపే. ఇది నిజంగా మంచి కబురు. అయినా ఈ రెండూ ఫాల్సిపారం మీద పనిచేసేవే. కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్లీ లేచే మరో రకం, వైవాక్స్ మలేరియాకు ఆమోదం పొందిన టీకా ఇప్పటికీ లేదు. వైవాక్స్‌ను ల్యాబ్‌లో నిరంతరంగా పెంచడం కుదరకపోవడంతో పరిశోధనే నత్తనడక నడుస్తోంది. దానికి ఇచ్చే నిధులు కూడా తక్కువైతే అది ఎప్పటికి తెములుతుంది?

అందుకని మీకు ఒక విన్నపం. ఇకపై మలేరియా టీకా వార్త వేసినప్పుడు ఆ శాతం ఎంత కాలానికో, ఎన్ని డోసుల తర్వాతో పక్కనే రాయండి. ఎన్ని జ్వరాలు, ఎన్ని మరణాలు తగ్గాయో కూడా ఇవ్వండి. మొదటి డోసు వేసుకున్న పిల్లల్లో ఎంతమందికి నాలుగోది అందిందో అడగండి. ఈ టీకాల కోసం దాతలు ఇస్తామన్న డబ్బులో ఎంత చేతికొచ్చిందో ఏటా ఒకసారైనా అచ్చు వేయండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు