అన్‌మెల్డుంగ్ (నివాస నమోదు) లేదని బ్యాంకు ఖాతా దరఖాస్తును నిలిపివేయడంపై ఫిర్యాదు

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,
బెర్లిన్.

విషయం: నా బేసిక్ అకౌంట్ దరఖాస్తుపై రాతపూర్వక నిర్ణయం ఇవ్వకపోవడం గురించి.

అయ్యా/అమ్మా,

నేను ఇక్కడి పరిశోధన సంస్థకు మూడు నెలల లోపు పనిమీద వీసాతో వచ్చిన విజిటింగ్ రీసెర్చర్‌ని. స్టైపెండ్‌ను సెపా (యూరో చెల్లింపుల వ్యవస్థ) ఖాతాలోనే వేస్తామని సంస్థవాళ్ళు చెప్పడంతో మీ బ్యాంకులో బేసిక్ అకౌంటుకు దరఖాస్తు పెట్టాను. ఓవర్‌డ్రాఫ్టు, క్రెడిట్ కార్డు లాంటివేవీ అడగలేదు. డబ్బు పడటానికి, అద్దె కట్టడానికి ఒక ఖాతా ఉంటే చాలు.

మొదట వీడియో కాల్‌లో పాస్‌పోర్టును కెమెరా ముందు అటూ ఇటూ వంచి చూపించమన్నారు, చూపించాను. చివరికి ఈ పాస్‌పోర్టు వీడియో పద్ధతిలో చెల్లదని కాల్ కట్ చేశారు. ఆ సంగతి ఫారంలో దేశం పేరు ఎంచుకున్నప్పుడే చెప్పి ఉండొచ్చు. సరే, మీరు చెప్పినట్టే పోస్టాఫీసుకు వెళ్ళి గుర్తింపు చేయించుకున్నాను. ఆ తర్వాత బ్రాంచి నుంచి ఫోన్ వచ్చింది, అన్‌మెల్డుంగ్ కాగితం లేకపోతే ఫైలు కదలదని.

నా అసలు ఫిర్యాదు ఈ కాగితం గురించే. జర్మనీ నివాస నమోదు చట్టం ప్రకారం కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లో నమోదు చేసుకోవాలి, నిజమే. కానీ అదే చట్టంలోని 27వ సెక్షన్, విదేశంలో నివాసం ఉండి కొద్దికాలానికి ఇక్కడికి వచ్చినవాళ్ళకు మూడు నెలలు దాటేవరకు ఆ బాధ్యత లేదంటోంది. చట్టం నన్ను అడగని కాగితాన్ని మీరు తప్పనిసరి చేశారు. బ్రాంచిలో ఇదే చెబితే, మూడు నెలలు దాటాక రమ్మన్నారు. అప్పటికి నేను ఈ దేశంలోనే ఉండను. కౌంటర్‌లోని ఆవిడను తప్పుపట్టడం లేదు. స్క్రీన్ నావైపు తిప్పి చూపించారు, నమోదు తేదీ గడి ఖాళీగా ఉంటే తర్వాతి పేజీ తెరుచుకోవడం లేదు.

2016లో అమల్లోకి వచ్చిన పేమెంట్ ఖాతాల చట్టం, యూరోపియన్ యూనియన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న వినియోగదారులందరికీ బేసిక్ అకౌంటు హక్కు ఇచ్చింది. స్థిరమైన చిరునామా లేనివాళ్ళకూ, ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళకూ ఆ హక్కు ఉంది. మరి వీసా, అద్దె ఒప్పందం, సంస్థ ఆహ్వాన లేఖ, స్వదేశంలోని పన్ను నంబరు అన్నీ ఇచ్చిన నన్ను ఏ ఆధారంతో ఆపుతున్నారు?

పూర్తి దరఖాస్తు అందిన పది పనిదినాల్లో బ్యాంకు ఖాతా ఒప్పందం ఇవ్వాలి. కుదరదంటే అదే గడువులో కారణంతో సహా రాసివ్వాలి. మీరు రెండూ చెయ్యలేదు. ఎప్పుడు అడిగినా "ప్రాసెస్‌లో ఉంది" అంటున్నారు. కాదని రాసిస్తే ఆ కాగితం చూపి బాఫిన్‌ను (జర్మనీలో బ్యాంకులను పర్యవేక్షించే సంస్థను) అడగగలను. ఫోన్‌లో అన్న మాటకు రుజువుగా ఏం చూపించను?

ప్రస్తుతం నా స్టైపెండ్ ఆగిపోయింది. తెచ్చుకున్న నగదును తోటి పరిశోధకుడి చేతిలో పెట్టి, అతని ఖాతా నుంచి అద్దె కట్టిస్తున్నాను. అద్దె తేదీ వస్తోందంటే టెన్షన్, ఒకరిని బతిమాలుకోవాలంటే తలవంపుగా ఉంది. మనీలాండరింగ్ నిబంధనల పేరు చెప్పి నన్ను ఆపారు. ఎవరి డబ్బు ఎవరి ఖాతాలోంచి పోతోందో తెలియాలన్నదే కదా ఆ నిబంధనల ఉద్దేశం. మీ తీరు వల్ల నా డబ్బు ఇంకొకరి పేరు మీద నడుస్తోంది.

కాబట్టి అన్‌మెల్డుంగ్‌తో ముడిపెట్టకుండా నా దరఖాస్తును పరిశీలించి, నిర్ణయం ఏదైనా వెంటనే రాసి పంపండి. నాలా వచ్చేవాళ్ళ కోసం ఆ గడిలో "నమోదు అవసరం లేదు" అనే వీలు పెట్టండి. అలాగే నా పాస్‌పోర్టు కాపీలు, వీడియో రికార్డింగు ఎవరి దగ్గర ఉన్నాయో, ఎంతకాలం ఉంచుతారో జీడీపీఆర్ (యూరోపియన్ యూనియన్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) 15వ ఆర్టికల్ కింద అడుగుతున్నాను. దానికి ఒక నెల గడువు ఉంది, ఖాతా సంగతికి మాత్రం గడువు ఎప్పుడో దాటింది.

పది పనిదినాల్లో జవాబు రాకపోతే ఈ లేఖ కాపీతో బాఫిన్‌కు ఫిర్యాదు చేస్తాను.

జతచేసినవి: దరఖాస్తు రసీదు, పోస్టాఫీసు గుర్తింపు రసీదు, వీసా కాపీ, అద్దె ఒప్పందం.

ఇట్లు,
దరఖాస్తుదారు