తవ్వకాల అంచనాలో పాత సమాధులకూ ఒక పద్దు ఉండాలి

సంపాదకులకు,

శ్రీకాకుళం, విజయనగరం పాతవీధుల్లో రోడ్ల విస్తరణకో, డ్రైనేజీ కాలువలకో జేసీబీ దిగుతూనే ఉంటుంది. తూర్పు గాంగుల తొలి రాజధాని మన ముఖలింగమే. 17వ శతాబ్దంలో గోల్కొండ ఫౌజుదార్లు, అంటే సుల్తానుల సైనికాధికారులు, శ్రీకాకుళం నుంచే ఈ సీమను ఏలారు. ఇలాంటి చోట రెండు మీటర్లు తవ్వితే పాత సమాధి తగలడం వింతేమీ కాదు. తగిలిన పూట పని ఎవరు ఆపాలో, ఆగినన్నాళ్ల ఖర్చు ఎవరిదో ముందే రాసి ఉండకపోతేనే చిక్కు. యంత్రం అద్దె కాంట్రాక్టరు నెత్తిన పడుతుంది కనుక ఎముకలున్న మట్టి తెల్లారేలోపు ట్రాక్టరెక్కి పల్లపు స్థలాల మెరకకు వెళ్లిపోతుంది. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు.

ఎముక కనబడగానే జేసీబీ బకెట్ ఎత్తేసి, చుట్టూ ఐదు మీటర్ల మేర తాడు కట్టాలి. ముందు పోలీసులకు చెప్పాలి, అది ఈమధ్య చనిపోయినవారిది కాదని తేల్చాల్సింది వారే. తర్వాత తహసీల్దారుకు, పురావస్తు శాఖకు కబురు వెళ్లాలి. నాణెమో నగో బయటపడితే సంగతి వేరు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ పది రూపాయలు అప్పటి లెక్క, నేటికీ చట్టంలో అలాగే ఉంది!

ఎముకలు పడి ఉన్న తీరులోనే సగం చరిత్ర ఉంటుంది. తల ఉత్తరానికి, ముఖం పడమటికి పెట్టి కుడిపక్కకు ఒత్తిగిలి ఉంటే ముస్లిం సమాధి అనుకోవచ్చు. తల పడమర, కాళ్లు తూర్పు అయితే క్రైస్తవులది కావచ్చు. కూర్చోబెట్టి పూడ్చి ఉంటే జంగాల ఆచారం గుర్తుకు రావాలి. ఆయా పెద్దలను పిలిచి, వారి ఎదుటే పని సాగించడం మర్యాద. పుర్రె ఒక్కటీ ఏరి గోనెసంచిలో వేస్తే ఇవేవీ మిగలవు.

ఎముక లేదు కాబట్టి సమాధి లేదనుకోవడమూ పొరపాటే. ఆమ్లగుణం ఉన్న ఎర్రమట్టిలో ఎముక కరిగిపోయి ఒక్కోసారి పళ్లే మిగులుతాయి. అయినా తవ్వి పూడ్చిన గొయ్యి మేర మట్టి రంగూ బిగువూ మారి కనిపిస్తాయి. ఇనపపళ్లున్న జేసీబీ బకెట్ ఆ గొయ్యి అంచు గీతను చెరిపేస్తుంది. అంచు సాపుగా ఉన్న బకెట్‌తో విడతకు పది సెంటీమీటర్ల చొప్పున గీకాలి. గీత కనబడ్డాక యంత్రం పక్కకు పోవాలి, తాపీ, వెదురుపుల్ల, కుంచె రావాలి. కొలబద్ద, ఉత్తరం గుర్తు పెట్టి ఫొటో తీయకుండా ఏదీ కదపకూడదు. మన ఎండకు తడి ఎముక గంటల్లో పగుళ్లిస్తుంది కనుక పైన పందిరి వేయాలి. గాలాడని ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది. కుడి, ఎడమ చేతుల ఎముకలు వేర్వేరు సంచుల్లో ఉండాలి. పళ్లను కడగకూడదు, చేతొడుగు లేకుండా ముట్టుకోకూడదు, డీఎన్‌ఏ బాగా నిలిచి ఉండే చోట్లలో అవి ఒకటి. 2013లో లండన్ క్రాస్‌రైల్ పనుల్లో ఐదున్నర మీటర్ల వెడల్పున్న గోతిలో 25 అస్థిపంజరాలు దొరికితే, ప్లేగు క్రిమి ఆనవాలు పట్టిచ్చింది పళ్లే. అక్కడ పురావస్తు పని ముందునుంచే ప్రాజెక్టులో భాగం.

ఇక్కడా అదే కావాలి. టెండరుకు ముందు, వానలు రాకముందు, రోడ్డు గీత వెంట మీటరు చదరంలో, మీటరున్నర లోతున పరీక్ష గుంతలు తీయించాలి. నేలలోకి తరంగాలు పంపి లోపలున్నది చూపే రాడార్ ఉందిగా అనవచ్చు, తడి బంకమట్టిలో అది పెద్దగా పనిచేయదు. అంచనాలో పురావస్తు పనికి విడిగా పద్దు పెట్టాలి. పని ఆగిన రోజులకు కాంట్రాక్టరుపై జరిమానా వేయకుండా గడువు పెంచాలి. మట్టి ఎక్కడ పారబోశారో ట్రిప్పు ట్రిప్పుకూ రిజిస్టరులో రాయాలి. రెండు పట్టణాల మున్సిపల్ ఇంజినీర్లు వచ్చే టెండరు పత్రాల్లోనే వీటిని చేర్చాలని కోరుతున్నాం.

— కొందరు పురావస్తు విద్యార్థులు, విశ్రాంత సివిల్ ఇంజినీర్లు,
శ్రీకాకుళం